ఎడమ తలుపు

మార్చి 4

నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు. నన్ను! ఇనుప కడ్డీల కట్టలను టవర్ క్రేన్ మీంచి పసిపిల్లను పక్క మీద పడుకోబెట్టినంత మెత్తగా దించేదాన్ని. క్యాబిన్లో ఒక్కసారి కళ్ళు తిరిగాయని ఇంటికి పొమ్మన్నారు. గోరంతను కొండంత చేయడమంటే ఇదే.

కంపెనీ డాక్టరమ్మ అడిగింది, చెప్పాను. ఎండ మండిపోతోంది, పొద్దున ఏమీ తినకుండా ఎక్కాను, ఒక్కసారే వచ్చింది, పోయింది. ఆవిడ రాసుకుంది. నెలాఖరున మళ్ళీ పరీక్ష చేస్తుందట. అందాకా క్రేన్ నిచ్చెన మీద కాలు పెట్టకూడదట. సరే, ఆవిడ తృప్తి ఆవిడది.

అయినా ఈలన్నకు ఏమీ కాలేదు కదా! నా క్రేన్ కింద నిలబడి, ఈల వేసి, చేతులతో సైగలు చేసి, లోడు ఎక్కడ దించాలో చూపించేది ఆయనే. ఆ రోజు లోడు కాస్త ఎడమకు ఊగింది, ఆయన పక్కకు దూకాడు, మోచెయ్యి గీరుకుపోయింది. అంతే. మేమిద్దరం కలిసి కట్టిన భవనాలన్నీ ఒకచోట పెడితే ఒక పేట అవుతుంది. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?

మార్చి 5

మా ఆడపడుచు మాతోనే ఉంటుంది. ఇంట్లోంచే ఫోన్లో పని. ఎవరి వాషింగ్ మెషీన్ ఎందుకు తిరగడం లేదో మధ్యాహ్నం దాకా ఓపిగ్గా చెబుతుంది, ఆ ఓపికంతా అక్కడే అయిపోతుంది కాబట్టి మధ్యాహ్నం నుంచి మమ్మల్ని తింటుంది.

"వదినా, పొద్దున్నుంచి ఆ ఫ్యాను వంక అలా ఉరిమి చూస్తున్నావు, అది భయపడి ఆగిపోయేట్టుంది. రా, ఆడుకుందాం."

"ఆడుకోడానికి నేనేమన్నా చిన్నపిల్లనా?"

"చిన్నపిల్లలైతే ఏడుస్తారు. ఈ ఆటలో ఒకసారి చస్తే చచ్చినట్టే. మళ్ళీ మొదటి మెట్టు నుంచి రావాలి. నీకు ధైర్యం లేకపోతే వద్దులే."

నాకు ధైర్యం లేదట! కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె గదిలో తలుపంత స్క్రీను ఉంది. ముందు మనిషిని తయారు చేసుకోవాలి. కత్తి పట్టేవాళ్ళున్నారు, గాయాలు మాన్పేవాళ్ళున్నారు, చాటుగా పొడిచేవాళ్ళున్నారు. "వీళ్ళలో దూరంగా నిలబడి పెద్ద పని చేసేది ఎవరు?" అన్నాను. "మాంత్రికురాలు," అంది. ఇంకేం, అది నేనే.

పేరు కూడా ఆమే పెట్టింది. మెరుపత్త. పెళ్ళయినంత మాత్రాన అత్తరికం అంటగట్టడం ఏమిటే అంటే, "పెళ్ళయింది నీకు, నీ మాంత్రికురాలికి కాదు. అయినా మొహంలో ఆ కళ ఉంది," అంటుంది. దీని నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు.

మార్చి 7

ఐదో లెవెల్.

ఒక్కో లెవెల్ ఎక్కినప్పుడల్లా కొన్ని పాయింట్లు ఇస్తారు. తెలివిలో వేస్తే మంత్రం పదును పెరుగుతుంది, ఓర్పులో వేస్తే దెబ్బలు తట్టుకుంటాం. నేను అన్నీ తెలివిలోనే వేశాను. ఆడపడుచు నెత్తి కొట్టుకుంది.

"ఓర్పులో ఒక్కటి వెయ్యి వదినా! దోమ కుట్టినా పోతావు."

"నిజంగా లేని ఓర్పు ఆటలో ఎక్కడినుంచి తేను?"

"అది మాత్రం నిజం," అని వంటింట్లోంచి మా ఆయన గొంతు. ఆయన బేకరీలో పని చేస్తారు. చీకటితో వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తారు. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో రెండు ఇలాంటివి.

మార్చి 8

మంచం మీద ఆయనా నేనూ చోట్లు మార్చుకున్నాం. నాకు కిటికీ గాలి కావాలి.

మార్చి 11

పదకొండో లెవెల్. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు, ఇవాళ రచ్చకెక్కాను. పెద్ద స్క్రీను నాకు వదిలేసి, తను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆడపడుచు నన్ను జట్టులోకి తీసుకుంది. ఆమె గాయాలు మాన్పే మనిషి. ముందు నిలబడి దెబ్బలన్నీ తన ఒంటి మీద కాచుకునేవాడు ఒకడున్నాడు. ఆటలో వాడి పేరు బండ. బయట ఇస్త్రీ షాపు. షాపులోనే ఒక మూల కంప్యూటర్ పెట్టుకుని, చేతికింద మనిషికి బట్టలు అప్పగించి ఆడతాడు. అతను మాట్లాడుతుంటే వెనకాల ఇస్త్రీపెట్టె బుస్సుమని ఆవిరి వదలడం వినిపిస్తుంది. నిదానం మనిషి. నా గొంతు వినగానే 'అక్కా' అన్నాడు. ఆ బండను అతను కొన్నేళ్ళుగా పెంచుతున్నాడట, ఒక్కసారీ చావలేదట.

లోయలో తోడేళ్ళ మంద వచ్చింది. నిప్పుముద్ద విసరడంలో కిటుకేమిటంటే, తోడేలు ఉన్నచోట కాదు, అది రాబోయే చోట వేయాలి. ఊగే లోడుతో బతికినదానికి ఇది ఒకరు నేర్పాలా? హుక్కు ఊగి ఎక్కడికి వస్తుందో ముందే తెలిసి అక్కడికి క్రేన్ చెయ్యి జరపడమేగా నా పని. ఒక్కటీ తప్పలేదు.

"అక్కా, మీరు నిజంగా కొత్తవాళ్ళేనా?" అన్నాడు బండ.

"ఆటకు కొత్త. విసరడానికి కాదు," అన్నాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట అనడం.

మార్చి 13

ఈలన్న ఫోన్ చేయలేదు. సైటులో పని ఎక్కువై ఉంటుంది.

మార్చి 15

పదిహేడో లెవెల్. కొత్త మంత్రం ఎంచుకోవాలి. రెండిట్లో ఒకటే ఇస్తారు. పిడుగు అయితే గురి చూసి ఒక్కడి మీద వేస్తాం, రెండింతల దెబ్బ. చుట్టుమంట అయితే మన చుట్టూ వలయంలా లేస్తుంది, దెబ్బ తక్కువ. అందరూ పిడుగే తీసుకుంటారట. నేను చుట్టుమంట తీసుకున్నాను.

"ఎందుకొదినా? నీ గురికి పిడుగు బంగారం కదా!"

"నా ఇష్టం. ఎవడు ఏ పక్కనుంచి వస్తున్నాడో చూసుకునే బాధ ఉండదు."

ఆ తర్వాత మాయగెంతు కూడా తీసుకున్నాను. నొక్కగానే ఉన్నచోటునుంచి మాయమై పది గజాల అవతల తేలతాం. ఎడమనుంచి ఎవడైనా మీద పడితే తిరిగి చూడకుండానే గెంతేయవచ్చు. మాంత్రికురాలిని ఎలా మలుచుకోవాలో నాకు బాగా పట్టుబడింది. బలం ఎక్కడ ఉందో అక్కడ పెంచాలి, లేనిచోట అవసరం రాకుండా చూసుకోవాలి. బతుకులోనైనా అంతే.

సాయంత్రం ఆడపడుచు పక్కన కుర్చీ వేసుకుని నా ఆటే చూసింది.

"వదినా, నువ్వెప్పుడూ కుడికే తిరుగుతావేం?"

"ఎక్కడ?"

"ఇందాక ఆ దొంగ ఎడమ పక్కనే ఉన్నాడు. నువ్వు కుడినుంచి గుండ్రంగా చుట్టి వచ్చి వాడిని చూశావు."

"ఈ మౌసు ఎడమకు సరిగా జరగట్లేదు," అన్నాను.

మార్చి 18

కొత్త మౌసు కొనుక్కొచ్చింది, రాక్షసి. ఎర్ర లైటు కూడా వెలుగుతుంది. "ఇప్పుడు తిరుగు ఎడమకి," అంది.

తిరిగాను. స్క్రీనుతో పాటు తల తిప్పడం నాకు అలవాటు, క్యాబిన్లో తల అలా తిప్పితేనే పని జరుగుతుంది. గది మొత్తం జారిపోయింది. బల్ల పట్టుకున్నాను. అది చూడలేదు, నీళ్ళు తాగుతోంది.

"ఇదీ అంతే. బల్ల నున్నగా లేదు," అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే వదినా!"

నవ్వాను. దొంగకు తేలు కుట్టినట్టు ఉండడమంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఏముంది, చెవిలో కొంచెం గాలి చేరి ఉంటుంది. ముందుకంటే చాలా నయం.

మార్చి 20

డాక్టరమ్మ పరీక్షలో ఏముంటుందో నాకు తెలుసు. గీత మీద నడవమంటుంది. ఒంటికాలి మీద నిలబడమంటుంది. వెనక్కి తిరగమంటుంది. ఏ పక్కనుంచి తిరగాలో చెప్పదు. పోయినసారి చెప్పలేదు.

వసారాలో సాధన చేశాను. నడక, ఆగడం, కుడినుంచి తిరగడం. బ్రహ్మాండంగా వచ్చింది. క్యాబిన్లో కూడా ఇదే పద్ధతి పెట్టుకుంటే సరిపోతుంది. ఎడమకు చూడాల్సి వస్తే కుర్చీని కుడినుంచి తిప్పుకుని వస్తాను. లేదా అద్దం ఒకటి బిగించమంటాను. మెరుపత్తను మలిచినదానికి ఇదొక లెక్కా?

ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఎప్పుడొచ్చారో. చేతులకు ఇంకా పిండి ఉంది. ఏదో అనబోయి, "టీ పెట్టనా?" అన్నారు.

మార్చి 23

ముప్ఫయ్యో లెవెల్! ఊదా రంగు అంగీ వచ్చింది, భుజాల మీద నిప్పురవ్వలు ఎగురుతుంటాయి. కట్టుకున్న చీరల్లో కూడా ఏదీ నాకు ఇంత బాగా కుదరలేదు.

ఈలన్నకు నేనే ఫోన్ చేశాను. "నెలాఖరుకు పైకి వచ్చేస్తున్నా, ఈల శుభ్రం చేసి పెట్టుకో అన్నా," అన్నాను. "మంచిది చెల్లెమ్మా," అన్నాడు. అంతే. ఇంకేదైనా అంటాడని ఆగాను. వెనకాల కాంక్రీటు మిక్సర్ తిరుగుతోంది. "తర్వాత మాట్లాడతా," అని పెట్టేశాడు. ఆ మనిషి ఎప్పుడూ పొడిమాటలవాడే.

మార్చి 27

ఎల్లుండి బూడిద కోటకు వెళ్తున్నాం. అందులో రాక్షసుణ్ణి కొట్టిన జట్లు బాగా తక్కువట. మేము కొడతాం. బండకు అనుమానాలు ఎక్కువ. నేనుండగా అనుమానమెందుకు?

మార్చి 29

ఏమీ రాయను.

మార్చి 30

రాయాలి. ఇంకెక్కడా చెప్పుకోలేను.

కోట లోపల పెద్ద హాలు. నడుమ రాక్షసుడు. రెండు పక్కలా రెండు తలుపులు. బండ ఎదురుగా నిలబడి వాడిని అలాగే పట్టి ఉంచాలి, వీపు తిప్పడానికి లేదు. ఆడపడుచు అతనికి ప్రాణం పోస్తూ కుడి తలుపు కనిపెట్టి ఉండాలి. ఎడమ తలుపులోంచి బూడిద మనుషులు పరిగెత్తుకొస్తారు, వాళ్ళను గుమ్మంలోనే కాల్చేయాలి. బండ ముందే అడిగాడు, స్పష్టంగా, ఏ తొందరా లేకుండా.

"ఎడమ తలుపు మీది అక్కా. చూసుకోగలరా? కష్టమైతే చెప్పండి, నిలబడే చోట్లు మార్చుకుందాం."

"కళ్ళు మూసుకుని చూసుకుంటాను," అన్నాను.

ఆ మాట నిన్నటినుంచి నా చెవిలోనే ఉంది.

మొదటి రెండు గుంపులనూ కాల్చేశాను, తలుపు వైపే మొహం పెట్టుకుని నిలబడ్డాను కాబట్టి. అప్పుడు రాక్షసుడు నేల చరిచాడు. మేమందరం పక్కకు ఎగిరిపడ్డాం. లేచేసరికి నా మొహం రాక్షసుడి వైపుంది, తలుపు నా ఎడమన ఉంది. ఒక్క విసురు ఎడమకు తిప్పితే చాలు. తిప్పలేదు. చెయ్యి దానంతటదే కుడికి వెళ్ళింది. హాలంతా చుట్టి, గోడలన్నీ చూసుకుని, తలుపు దగ్గరికి వచ్చేసరికి అది ఖాళీగా ఉంది. వాళ్ళు బండ వీపు మీదున్నారు. నేను వేసిన నిప్పుముద్ద అతను పడిపోయిన చోట పడింది.

ఆడపడుచు నన్ను ఎలాగో బయటికి లాక్కొచ్చింది. బండ షాపులో ఇస్త్రీపెట్టె బుస్సుమంది, ఇంకోసారి బుస్సుమంది.

"వదినా," అంది ఆడపడుచు మెల్లిగా, "ఎడమకు తిరిగితే అర క్షణం పని. నువ్వు కుడినుంచి చుట్టొచ్చావు."

ఇంక దాచడానికి మౌసు లేదు, బల్ల లేదు. "నేను ఎడమకు తిరగలేను. తిరిగితే గది తిరుగుతుంది. క్యాబిన్లో ఆ రోజునుంచీ అంతే. ఇంకా పోలేదు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి పైకి రావడం అదే మొదటిసారి.

బండ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"అయ్యో, చెప్పాల్సింది కదక్కా," అన్నాడు. "చెప్పుంటే ఆ పక్కన నేనే నిలబడేవాణ్ణి."

అన్నేళ్ళు పెంచుకున్న మనిషి పోయాడు, అతను అన్నది అదొక్కటే. నాకు ఆ హాలు కనబడలేదు. సైటు కనిపించింది. నా ఎడమ పక్కన, లోడు కింద, పసుపు టోపీ పెట్టుకుని తల పైకెత్తి చెయ్యి చూపిస్తున్న మనిషి కనిపించాడు. ఈలన్న పడిపోతే ఇంకో మనిషిని మొదలుపెట్టుకోవడానికి అది ఆట కాదు. వసారాలో నేను రోజూ సాధన చేసింది ఆయన నెత్తి మీద లోడు ఊపడానికే కదా. ఛీ, నా బతుకు!

రేపే పరీక్ష.

మార్చి 31

గీత మీద నడిచాను. ఒంటికాలి మీద నిలబడ్డాను. "వెనక్కి తిరగండి," అంది డాక్టరమ్మ. సాధన ఊరికే పోదు. ఒళ్ళు దానంతటదే కుడినుంచి చక్కగా తిరిగింది.

"అంతా బాగుంది. రేపటినుంచి ఎక్కొచ్చు," అని పెన్ను తీసింది.

అంత సులువుగా అయిపోయింది. రేపు పొద్దున నా క్యాబిన్, నా కుర్చీ, కింద చీమల్లా మనుషులు. నోరు మూసుకుంటే చాలు. నాకెంత ఆశ పుట్టిందో ఇక్కడైనా రాసుకోనీ. తలుపు దాకా వెళ్ళాను కూడా.

"డాక్టరమ్మా, ఎడమనుంచి తిరగమని అడగండి," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు దించి చూసింది. "తిరగండి."

తిరిగాను. గోడ వెళ్ళిపోయింది. ఆవిడ బల్ల మీది పెన్నుల డబ్బా, కాగితాలు, నేను, అంతా ఒకేసారి కింద పడ్డాం.

తర్వాత మంచం అంచున కూర్చోబెట్టి, చటుక్కున వెనక్కి వాల్చి, తలను ఎడమకు తిప్పి నా కళ్ళలోకి చూసింది. లోకం రంగులరాట్నమైపోయింది. ఆవిడ కోటు పట్టుకుని కేకలు పెట్టాను. వినే మనిషి కాదు. మెల్లగా తల ఇటు తిప్పింది, అటు తిప్పింది, ఆగింది, పక్కకు దొర్లించింది. లేపి కూర్చోబెట్టింది. చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయట, అవి చోటు తప్పితే ఇలా తిరుగుతుందట. ఇలా తల తిప్పుతూ వాటిని మళ్ళీ చోటికి పంపుతారట.

"పోయినట్టేనా?"

"చాలామందికి పోతుంది. కొందరికి మళ్ళీ చెయ్యాలి. రెండు వారాల తర్వాత రండి. అందాకా పైకి ఎక్కడం లేదు." కాగితాలు ఏరుకుంటూ విసుగ్గా అంది, "ఎండ, ఖాళీ కడుపు అన్నారు. ఈ మాట మొదటి రోజే చెప్పుంటే ఇది మొదటి రోజే చేసేదాన్ని కదమ్మా."

నెల రోజులు! చుట్టుమంటలూ, మాయగెంతులూ, మౌసులూ, మంచం మీద చోట్లూ! నన్ను నేనే తన్నుకోవాలనిపించింది. కానీ తల తిరుగుతుందని అదీ మానుకున్నాను.

ఆయన బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. అంతా చెప్పాను. "నువ్వు కిటికీ వైపు మారి ఎడమకు ఒత్తిగిలడం మానేసినప్పుడే అనుకున్నా," అన్నారు. అనుకున్నవారు అడగొచ్చు కదా అని అరిచాను. "అడిగితే కొడతావని," అన్నారు. దారంతా నా ఎడమ పక్కన నడిచారు.

ఏప్రిల్ 1

ఇస్త్రీ తమ్ముడు కొత్త బండను మొదలుపెట్టాడు. మొదటి లెవెల్, చేతిలో చెక్కకత్తి, కోడిపిల్లలా ఉన్నాడు. మెరుపత్త ముందు నడిచి వాడి కోసం ఎలుకల్ని కాలుస్తోంది. ఈసారి పాయింట్లు వస్తే ఓర్పులో వేస్తానని ఆడపడుచుకు మాటిచ్చాను. అది నమ్మలేదు.

ఏప్రిల్ 2

ఈలన్నకు నిన్ననే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎండ కాదని, ఎడమ పక్క అని, నెలంతా అబద్ధమాడానని, దాచుకుని పైకి ఎక్కేయాలని చూశానని.  అంతా విని ఫోన్ పెట్టేశాడు.

ఇవాళ సాయంత్రం సైటునుంచి నేరుగా ఇంటికే వచ్చాడు. బూట్లకు సిమెంటు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేనూ ఒకటి చెప్పాలి చెల్లెమ్మా," అన్నాడు. "ఆ రోజు నువ్వు దిగొచ్చి 'ఏం లేదన్నా, ఎండ' అన్నావు చూడు, నేను నమ్మలేదు. తెల్లారే సూపర్‌వైజర్ దగ్గరికి పోయి నన్ను ఇంకో క్రేన్ కిందికి మార్చమన్నాను. మార్చారు."

 ఇన్నేళ్ళు! ఈయన ఈల వేయకుండా నేను లోడు కదిపింది లేదు.

"నాతో ఒక్క మాట అనలేదే," అన్నాను.

"ఏమననూ? నీ కింద నిలబడాలంటే భయమేస్తోందని నీ మొహం మీద ఎట్లా అంటా? అందుకే ఫోన్ చెయ్యలేదు."

కోపం వచ్చింది, సిగ్గేసింది, రెండూ కలిసి ఏడుపొచ్చింది. ఆడపడుచు వంటింట్లోంచి తొంగి చూసి వెనక్కి వెళ్ళిపోయింది. అది నోరు మూసుకోవడం నేను చూసింది ఇదే మొదటిసారి. ఏడుస్తూనే అడిగాను, "ఇప్పుడెవరి కింద ఉన్నావు?"

"గేటు పక్క క్రేన్. ఆ అబ్బాయి లోడును ఎత్తెత్తి కుదేస్తాడు, మూటలు దించినట్టు." టోపీ చేతిలో తిప్పుకున్నాడు. "పొద్దున మళ్ళీ సూపర్‌వైజర్ దగ్గరికి పోయా. డాక్టరమ్మ సరే అన్న రోజున నన్ను నీ కిందికే వెయ్యమని చెప్పి వచ్చా."

"ఇప్పుడు భయం లేదా?"

"ఉంటే నీకే చెప్తాలే."

గుమ్మం దాకా వెళ్ళి ఆగి, నా మొహంలోకి చూస్తూ అడిగాడు.

"తల తిరుగుతోందా ఇప్పుడు?"

లేదు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"కొంచెం," అన్నాను.

"సరే," అని, మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. "అయితే టీ తాగే పోతా."